స్టిక్కర్ మీద ఐ7, లోపల రెండే కోర్లు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనోయ్ ట్రేడ్ సెంటర్ ఎక్కడని అడిగితే తడుముకునేవాళ్లు కూడా సీటీసీ అనగానే దారి చూపిస్తారు. ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు దుమ్ము దులిపించుకుని ఇలాంటి మార్కెట్లలోనే మళ్లీ అమ్మకానికి వస్తాయి. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే నాన్నలు షాపులో ముందుగా అడిగే మాట ఒకటుంది: "ఐ7 ఉందా అన్నా?" ఎందుకు లేదు, ఉంటుంది. దాని పక్కనే ఇంచుమించు అదే ధరకు ఐ5 కూడా ఉంటుంది. అదే డబ్బుకు ఐ7 వస్తుంటే ఐ5 ఎందుకన్నది నాన్న లెక్క. నెంబరు పెద్దదైతే సరుకు మంచిదని ఎవరైనా అనుకుంటారు.

ఒకే ఏడాది వచ్చిన, ఒకే తరగతికి చెందిన చిప్‌ల మధ్య ఈ లెక్క చెల్లుతుంది. ఏడాది మారితే చాలాసార్లు తలకిందులవుతుంది. అది ఎంతగా తలకిందులవుతుందో చూడటానికి ఇంటెల్ వాళ్లే మనకు ఒక చక్కని జత ఇచ్చారు. 2016 ఆగస్టు చివర్లో వచ్చిన కోర్ ఐ7-7500యు ఒకటి, ఏడాది కూడా తిరక్కుండా 2017 ఆగస్టులో వచ్చిన కోర్ ఐ5-8250యు మరొకటి. రెండూ సన్నటి ల్యాప్‌టాప్‌ల కోసం చేసినవే. రెండింటికీ కేటాయించిన వేడి 15 వాట్లే. రెండూ 14 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే. లోపలి కోర్ నిర్మాణం కూడా, అంటే లెక్కలు చేసే యంత్రాంగం, దాదాపు ఒకటే. తేడా అంతా ఒక్కచోట ఉంది: ఐ7లో రెండు కోర్లు, ఐ5లో నాలుగు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఈ ఐ7కి అతికినట్టు సరిపోతుంది.

అసలు ఆ పేర్లు చదవడం ఎలాగో ముందు చూద్దాం. 7500లో మొదటి 7 ఏడో తరాన్ని చెబుతుంది, షాపు భాషలో సెవెంత్ జెన్. 8250లో 8 ఎనిమిదో తరం. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలూ కలిపి చదవాలి, కాబట్టి 1215 అంటే పన్నెండో తరం. చివరి అక్షరం వేడి తరగతి. యు అంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అంటే బరువైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో పెట్టేది. ఈ అక్షరాన్ని పట్టించుకోకుండా ఐ7 అన్న మాట ఒక్కటే పట్టుకుంటే దెబ్బతింటాం. ఏడో తరంలోనే ఐ7-7700హెచ్‌క్యూకి నాలుగు కోర్లు, 45 వాట్లు. ఐ7-7500యుకి రెండు కోర్లు, 15 వాట్లు. ఐ7-7వై75 అనే ఇంకో చిప్‌కి అవే రెండు కోర్లు, 4.5 వాట్లు, ఫ్యాను కూడా లేని ల్యాప్‌టాప్‌లలో పెట్టడానికి చేసింది అది. మూడింటి స్టిక్కర్ మీదా ఉండేది ఐ7 అనే. దీన్ని మోసం అనలేం గానీ, కొనేవాడికి విషయం తెలియాలన్న ఆత్రం కంపెనీకి పెద్దగా లేదని మాత్రం అనొచ్చు.

ఆ మాటకొస్తే ఏడో తరం యు తరగతిలో ఐ5కీ ఐ7కీ మధ్య కూడా తేడా నామమాత్రమే. ఐ5-7200యుకీ రెండు కోర్లే. దాని గరిష్ఠ వేగం 3.1 గిగాహెర్ట్జ్, క్యాష్ (చిప్ లోపలి చిన్న నిల్వ) 3 మెగాబైట్లు. ఐ7-7500యుకి 3.5 గిగాహెర్ట్జ్, 4 మెగాబైట్లు. అప్పట్లో ఐ7 స్టిక్కర్ కోసం జనం అదనంగా పోసిన డబ్బుకు దక్కింది ఇంతే.

ఇప్పుడు అసలు చిక్కు. అదే వేడిలో, అదే తయారీ పద్ధతిలో కోర్లు రెండింతలు ఎలా అయ్యాయి? వేడి కూడా రెండింతలు కావాలి కదా?

చిప్‌లోని ప్రతి ట్రాన్సిస్టర్ ఒక స్విచ్. వేసి ఆపిన ప్రతిసారీ కాస్త కరెంటు ఖర్చవుతుంది, ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడి క్షణానికి ఎన్నిసార్లు స్విచ్ వేశామన్న దానితో సమానంగా, వోల్టేజీ వర్గంతో సమానంగా పెరుగుతుంది. వోల్టేజీ ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లవుతుందన్నమాట. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచక తప్పదు. లేకపోతే స్విచ్‌లు వేళకు తెరుచుకోవు, లెక్క తప్పుతుంది. అంటే వేగం పెంచినప్పుడు వేడి రెండు వైపుల నుంచీ మీద పడుతుంది.

ఇదే లెక్కను కిందికి నడిపిద్దాం. వేగాన్ని 20 శాతం తగ్గించామనుకోండి, దాంతోపాటు వోల్టేజీ కూడా 20 శాతం తగ్గిందనుకోండి. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.512. వేడి దాదాపు సగానికి పడిపోయింది, పోగొట్టుకున్న వేగం మాత్రం అయిదో వంతే. మిగిలిన సగం వేడితో ఇంకో కోర్‌ని నడపొచ్చు. 80 శాతం వేగంతో పరుగెత్తే రెండు కోర్లు కలిస్తే 1.6 రెట్ల పని. వేడి మునుపటంతే. నిజం చిప్‌లో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. స్విచ్ ఆపినా కారిపోయే కరెంటు కొంత ఉంటుంది, వోల్టేజీని ఒక హద్దు దాటి దించలేం. అయినా దారి ఇదే. కొత్త ఐ5 నమ్ముకున్నది ఈ లెక్కనే.

అందుకే దాని డబ్బా మీద ఉండే అంకె కొనేవాళ్లను భయపెట్టింది. పాత ఐ7 మూల వేగం 2.7 గిగాహెర్ట్జ్. కొత్త ఐ5 మూల వేగం 1.6. పక్కపక్కన పెట్టి చూస్తే ఐ5 మందకొడి సరుకులా కనిపిస్తుంది. కానీ మూల వేగం అంటే, అన్ని కోర్లూ ఎడతెగకుండా బరువైన పనిచేస్తున్నా 15 వాట్లలో నిలబెట్టుకోగలనని చిప్ ఇచ్చే హామీ. కోర్లు పెరిగాయి కాబట్టి హామీ అంకె తగ్గింది. ఒకటి రెండు కోర్లకే పని ఉన్నప్పుడు వేగం పైకి లేస్తుంది. అప్పుడు ఐ5 ఎక్కగలిగేది 3.4 గిగాహెర్ట్జ్ దాకా, ఐ7 ఎక్కగలిగేది 3.5 దాకా. ఈ రెండింటికీ తేడా మూడు శాతం కూడా లేదు. రోజువారీ వాడకంలో దాన్ని ఎవరూ కనిపెట్టలేరు.

2010 నుంచి 2017 దాకా ఇంటెల్ సన్నటి ల్యాప్‌టాప్‌లకు రెండు కోర్లతోనే సరిపెట్టింది. ఏడేళ్ల తర్వాత ఒక్కసారిగా నాలుగు ఎందుకు ఇచ్చింది? తర్వాతి తయారీ పద్ధతి, 10 నానోమీటర్లది, చెప్పిన గడువుకు అందలేదు. అంటే కొత్తదని చెప్పుకోవడానికి చేతిలో వేరే ఏదీ లేదు. ఇంకోవైపు 2017 మార్చిలో పోటీ కంపెనీ ఏఎండీ రైజెన్‌తో డెస్క్‌టాప్ బజారులోకి ఎనిమిది కోర్లు తెచ్చింది. అదే ఏడాది ల్యాప్‌టాప్‌లకూ నాలుగు కోర్ల రైజెన్ వచ్చింది. ఎనిమిదో తరం వస్తూనే ముందు తరం కన్నా 40 శాతం దాకా ఎక్కువ పని అని ఇంటెల్ చాటింది. అంటే 40 శాతం వేగం పెంచే కిటుకు అప్పటికే చేతిలో ఉంది, బయటికి తీయాల్సిన అవసరం పోటీ వచ్చేదాకా రాలేదని నా అనుమానం.

ఆ 40 శాతం మన బల్ల మీద ఎంతవరకు కనిపిస్తుందన్నది మనం చేసే పనిని బట్టి ఉంటుంది. పెళ్లి వీడియో ఎడిట్ చేసి ఎగుమతి చేయడం, పెద్ద ప్రోగ్రామ్‌ని కంపైల్ చేయడం లాంటివి ముక్కలుగా పంచుకోవడానికి వీలైన పనులు. నాలుగు కోర్లూ తలా ఒక చెయ్యి వేస్తాయి. వర్డ్‌లో ఉత్తరం టైపు చేయడం అలా కాదు. ఒక అక్షరం తర్వాతే ఇంకో అక్షరం, పంచడానికి ఏముంటుంది? 1967లో కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్‌డాల్ చూపించిన లెక్క ఇది. పనిలో సగం మాత్రమే పంచుకోవడానికి వీలైతే, ఒక కోర్‌కి నూరు నిమిషాలు పట్టేది రెండు కోర్లకు 75, నాలుగు కోర్లకు 62.5 నిమిషాలు పడుతుంది. కోర్లు రెండింతలు చేస్తే మిగిలింది పన్నెండున్నర నిమిషాలు. పనిలో 90 శాతం పంచగలిగితే రెండు కోర్లకు 55, నాలుగింటికి 32.5. ఇక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు, వెనకాల ఆన్‌లైన్ క్లాసు, దాని వెనక యాంటీవైరస్ అన్నీ ఒకేసారి నడిపే విద్యార్థికి కూడా నాలుగు కోర్లు పనికొస్తాయి. ఒక్కో పని పంచుకోలేనిదైనా పనులే చాలా ఉన్నాయి కాబట్టి.

ఇక్కడ వేడి మళ్లీ అడ్డొస్తుంది. బరువైన పని మొదలెట్టగానే చిప్ 15 వాట్లు దాటి కరెంటు తాగుతుంది, కొద్దిసేపు దానికి ఆ అనుమతి ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ గడువు 28 సెకన్ల చుట్టూ పెట్టేవాళ్లు. గడువు తీరాక 15 వాట్లకు దిగిరావాలి. అంతకంటే ముందే చిప్ 100 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే తనంతట తానే వేగం కోసేసుకుంటుంది. అందువల్ల ఒకే ఐ5-8250యు మంచి ఫ్యాను, రాగి గొట్టం ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకలా, చవక డబ్బాలో ఇంకోలా నడుస్తుంది. నిమిషం లోపు ముగిసే పరీక్ష మార్కులు చూసి మురిసిపోకూడదు. అరగంట వీడియో ఎగుమతి పెట్టి చూస్తే లోపలి ఫ్యాను బండారం బయటపడుతుంది.

ఇప్పటిదాకా చూసింది ఒకే కోర్‌ని ఎక్కువ సంఖ్యలో పెట్టడం. కోర్‌నే మార్చితే ఏమవుతుందో చూడటానికి మూడో చిప్‌ని తెద్దాం: 2022 ఆరంభంలో వచ్చిన కోర్ ఐ3-1215యు. స్టిక్కర్ లెక్కలో మూడింటిలోకీ చిన్నది ఇదే. చవక కొత్త ల్యాప్‌టాప్‌లలో విరివిగా వచ్చింది కూడా. ఒక్క కోర్‌తో చేసే పనిలో ఇది ఐ7-7500యు కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వేగం చూపిస్తుంది, అన్ని కోర్లూ కలిస్తే రెండింతలు దాటుతుంది. గిగాహెర్ట్జ్‌లో చూస్తే 3.5 నుంచి 4.4కి పెరిగింది, అంటే పాతిక శాతం చిల్లర. మిగతా వేగం ఎక్కడి నుంచి వచ్చింది?

టిఫిన్ సెంటర్‌లో మాస్టర్‌ని గమనించండి. మొదటి ఆర్డరు ఇడ్లీ. కుక్కర్ ఎక్కించి, అవి ఉడికేదాకా చేతులు కట్టుకు కూర్చోడు. ఆ వెనక ఉన్న దోసె, ఆ పై పూరీ కానిచ్చేస్తాడు. వడ్డించేటప్పుడు మాత్రం ఎవరి వరుసలో వాళ్లకే అందుతుంది. ప్రాసెసర్ కూడా ఇదే చేస్తుంది. మెమరీ నుంచి రావలసిన అంకె ఒకటి ఆలస్యమైతే, దానితో సంబంధం లేని తర్వాతి ఆదేశాలను ముందుగా పూర్తిచేసి పెట్టుకుని, ఫలితాలను మళ్లీ అసలు వరుసలో అప్పజెబుతుంది. ఒకేసారి ఎన్ని ఆర్డర్లు గుర్తుపెట్టుకుని చూడగలదన్నదే కీలకం. ఐ7-7500యులోని కోర్ ఒకేసారి 224 ఆదేశాలను అలా చేతిలో పట్టుకోగలదు. ఐ3-1215యులోని పెద్ద కోర్ 512 పట్టుకోగలదు.

ఇన్ని ఎందుకో మెమరీ దూరం చూస్తే అర్థమవుతుంది. 3.5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 350 కోట్ల అడుగులు. ఒక్కో అడుగుకు 0.29 నానోసెకన్లు. ర్యామ్‌ని ఒక అంకె అడిగితే అది వచ్చేసరికి 80 నానోసెకన్లు పట్టిందనుకుందాం. ఆ లోగా కోర్ 280 అడుగులు వేయగలిగేది. అడుగుకు నాలుగు ఆదేశాలు చేయగల కోర్ అయితే వెయ్యికి పైగా ఆదేశాల సమయం గాలికి పోయినట్టే. అందుకే చిప్‌లోనే చిన్న చిన్న నిల్వలు పెట్టుకుంటారు, వాటినే క్యాష్ అంటారు. పాత కోర్‌కి దగ్గరగా ఉండే రెండో అంచె క్యాష్ 256 కిలోబైట్లు. కొత్త పెద్ద కోర్‌కి అది 1.25 మెగాబైట్లు, అంటే అయిదు రెట్లు. అందరూ పంచుకునే మూడో అంచె ఐ7-7500యులో 4, ఐ5-8250యులో 6, ఐ3-1215యులో 10 మెగాబైట్లు. కావలసిన అంకె పక్కనే దొరికితే ర్యామ్ దాకా పోవలసిన పని తప్పుతుంది. ప్రాసెసర్ల కథలో సగం ఎదురుచూపులు తగ్గించుకునే కథే. షాపులో ఎవరూ క్యాష్ ఎంత అని అడగరు. నన్నడిగితే గిగాహెర్ట్జ్ కన్నా ముందు అడగాల్సింది అదే.

ఇంత సరంజామా పెట్టడానికి చోటు కావాలి. అది తయారీ పద్ధతి నుంచి వచ్చింది. ఆలస్యమైన ఆ 10 నానోమీటర్ల పద్ధతి అదే వైశాల్యంలో 14 నానోమీటర్ల కన్నా 2.7 రెట్ల ట్రాన్సిస్టర్లు పట్టిస్తుందని ఇంటెల్ ప్రకటించింది. దాన్నే మెరుగుపరిచి, 2021లో ఇంటెల్ 7 అని పేరు మార్చింది. ఈ నానోమీటర్ అంకెలు కూడా ఇప్పుడు పేర్లే. చిప్ లోపల కొలిస్తే సరిగ్గా అంత పొడవున్న భాగం దొరకదు. ఒక కంపెనీ 7ని ఇంకో కంపెనీ 7తో పోల్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఐ3-1215యులో ఆరు కోర్లు ఉన్నాయంటే అన్నీ ఒకలాంటివని అనుకోకండి. రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. చిన్న కోర్లు తక్కువ చోటులో, తక్కువ వేడితో పనిచేస్తాయి, వేగం కూడా తక్కువే. ఇందాక మనం చేసిన 0.8 లెక్కకు ఇది పొడిగింపు: నిదానంగా పోయే కోర్లను ఎక్కువ పెడితే అదే వేడిలో ఎక్కువ పని గిట్టుబాటవుతుంది. 2011లోనే ఆర్మ్ సంస్థ ఫోన్ల కోసం ఈ పద్ధతి ప్రకటించింది. ల్యాప్‌టాప్ చిప్‌లు చాలా ఆలస్యంగా ఆ దారి పట్టాయి. 2020 నవంబరులో ఆపిల్ ఎం1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చినప్పుడు, నాలుగు పెద్ద, నాలుగు చిన్న కోర్లతో ఫ్యాను కూడా లేకుండా ఆ ల్యాప్‌టాప్ చేసిన పని చూసి మిగతా కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. ఏ పని పెద్ద కోర్‌కి, ఏ పని చిన్న కోర్‌కి అన్నది ఆపరేటింగ్ సిస్టం తేల్చాలి. ఇంటెల్ చిప్‌ల విషయంలో ఆ తేల్చడం విండోస్ 11కి బాగా వచ్చు.

ఇంకో తేడా ఎవరి దృష్టికీ రాదు గానీ ఇంట్లో అందరూ అనుభవిస్తారు. యూట్యూబ్ చూస్తుంటే పాత ల్యాప్‌టాప్ ఫ్యాను ఎందుకంత రొద పెడుతుంది? వీడియోను కుదించి పంపుతారు, దాన్ని విప్పడానికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. ఏడో తరం చిప్‌కి హెచ్‌ఈవీసీ, వీపీ9 అనే పద్ధతుల్లో కుదించిన వీడియో విప్పడం తెలుసు. 2018లో వచ్చిన ఏవీ1 పద్ధతి తెలియదు. ఇంటెల్ చిప్‌లలో అది పదకొండో తరంతో, 2020లో చేరింది. ఆ విభాగానికి రాని పని మామూలు కోర్ల నెత్తిన పడుతుంది. రెండే కోర్లున్న చిప్‌కి అది మోయలేని బరువు. ఐ5-8250యు కూడా ఈ విషయంలో పాతదే. మీ ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది ఇదో కాదో చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ కింద వీడియో డీకోడ్ గీత నేలను అంటుకుని, సీపీయూ గీత పైకి లేస్తుంటే వీడియోని కోర్లే విప్పుతున్నాయి. అదే పేజీలో సీపీయూ మీద నొక్కితే చిప్ పూర్తి పేరు, మూల వేగం, కోర్ల సంఖ్య, లాజికల్ ప్రాసెసర్ల సంఖ్య కనిపిస్తాయి. షాపులో ల్యాప్‌టాప్ చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని కూడా ఇదే. స్టిక్కర్ ఊడదీసి ఇంకోటి అంటించడం కష్టమేమీ కాదు.

కొత్త పెట్టెలో వచ్చిందల్లా కొత్త చిప్ అనుకుంటే ఇంకో రకంగా నష్టపోతాం. ఏఎండీ రైజెన్ 5 7520యు 2022 సెప్టెంబరులో వచ్చింది, పేరు 7000 వరుసది. లోపలి కోర్ 2019 నాటి జెన్ 2. ఇక్కడ జెన్ అంటే ఏఎండీ తన కోర్లకు పెట్టుకున్న పేరు. అదే వరుసలో రైజెన్ 5 7530యులో జెన్ 3 కోర్లు, నాలుగుకు బదులు ఆరు. పేర్లలో తేడా ఒక్క అంకె. ఆ వరుసలో మూడో అంకె కోర్ తరాన్ని చెబుతుందని ఏఎండీయే ప్రకటించింది. 2 అయితే జెన్ 2, 4 అయితే జెన్ 4. కానీ ల్యాప్‌టాప్ కొనడానికి పంచాంగం చూసినట్టు అంకెల పట్టిక దగ్గర పెట్టుకోవాలంటే ఎలా? ఇంటెల్ కూడా తక్కువేం తినలేదు. 2023 చివర్లో ఐ అనే అక్షరం తీసేసి కోర్, కోర్ అల్ట్రా అని కొత్త పేర్లు పెట్టింది. 2024 జనవరిలో వచ్చిన కోర్ 3 100యులో ఉన్నవి ఐ3-1215యులో లాగే రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, 10 మెగాబైట్ల క్యాష్. కొంచెం ఎక్కువ గిగాహెర్ట్జ్ తప్ప గొప్ప తేడా ఏమీ లేదు.

సాంకేతికంగా చూస్తే ఐ7-7500యు ఇప్పటికీ ఉత్తరాలు రాయడానికి, లెక్కల పట్టికలకు, పాఠాలు వినడానికి సరిపోయే చిప్. దాని మెడకు చుట్టుకున్న ఉరి వేరే ఉంది. విండోస్ 11కి ఇంటెల్ చిప్‌లలో ఏడో తరంలోని కొన్నింటికి మినహాయింపు ఇచ్చి, ఎనిమిదో తరం నుంచి మాత్రమే మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతి ఇచ్చింది. ఆ మినహాయింపు జాబితాలో ఐ7-7500యు లేదు. ఐ5-8250యు గీతకు సరిగ్గా ఇవతల పడింది. కోర్ నిర్మాణం ఒకటే అయిన రెండు చిప్‌లలో ఒకటి లోపల, ఒకటి బయట! విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా సవరణల పథకంలో చేరిన ఇంటి వాడకందారులకు ఇంకో ఏడాది వెసులుబాటు ఇచ్చారు. ఆ తర్వాత నెట్ బ్యాంకింగ్ చేసే ల్యాప్‌టాప్‌గా దాన్ని నమ్మలేం. లైనెక్స్ ఎక్కిస్తే మాత్రం ఈ గీతతో పనిలేదు. ఉబుంటు, లైనెక్స్ మింట్ లాంటివి దాని మీద హాయిగా నడుస్తాయి, కోడింగ్ నేర్చుకునే పిల్లలకు అది నష్టం కన్నా లాభమే.

ఇంకో మాట. పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుందంటే నేరం చాలాసార్లు ప్రాసెసర్‌ది కాదు. తిరిగే హార్డ్ డిస్క్ ఎక్కడో మూలనున్న చిన్న ఫైలు వెతికి తేవడానికి పది మిల్లీసెకన్ల పైచిలుకు తీసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీకి అదే పనికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. నూరు రెట్ల తేడా అది. ఇందాకటి నుంచి మనం తూకం వేస్తున్న ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు దాని ముందు ఏపాటి? ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయించండి, ఒకే ముక్కగా కాకుండా రెండు ముక్కలుగా వేయిస్తే మెమరీ దారి రెండింతలు వెడల్పవుతుంది, వీడియోకీ ఆటలకీ అది బాగా తెలుస్తుంది. ఏళ్లతరబడి పేరుకున్న దుమ్ము తీయించి, చిప్‌కీ రాగి పలకకీ మధ్య ఎండిపోయిన పేస్టు మార్పిస్తే పోయిన వేగం కొంత తిరిగొస్తుంది. బ్యాటరీ సంగతి వేరు, దాన్ని కొత్తది కొనడం తప్ప మార్గం లేదు.

ఇక తీర్పు. ఐ7-7500యు ఇంట్లో ఉంటే పారేయొద్దు. ఎస్‌ఎస్‌డీ వేయించి, లైనెక్స్ ఎక్కించి చదువుకునే పిల్లలకు ఇవ్వండి. డబ్బు పెట్టి కొనేటట్టయితే మాత్రం ఎంత చవకగా ఇస్తామన్నా దాని జోలికి వెళ్లొద్దు. సెకండ్ హ్యాండ్‌లో ఐ5-8250యు నా దృష్టిలో కనీస గీత, అది కూడా 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటేనే. ఇంకాస్త డబ్బుంటే, స్టిక్కర్ మీద ఐ3 అని ఉన్నా, పన్నెండో తరం ల్యాప్‌టాప్ తీసుకోండి. పక్కింటివాళ్లు "ఐ3యేనా?" అని పెదవి విరిస్తే విరవనివ్వండి.